దిమ్మ కింది గొట్టాలు

పదేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మొదట్లో అది చిన్నదే అనుకున్నాను. ఎవరూ అడగరు, నేను చెప్పను, కొన్నాళ్లకు అదే అరిగిపోతుంది అనుకున్నాను. అరగలేదు. ఏటేటా ఇంకొంచెం బరువెక్కింది. మనుషుల మధ్య కూర్చున్నప్పుడు కూడా నేనూ ఆ మాటా వేరే గదిలో కూర్చున్నట్టే ఉండేది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాసే ధైర్యం ఇంకా రాలేదు. ఆ పిరికితనం కూడా ముందే ఒప్పుకుంటున్నాను. ఊరి పేరూ చెప్పను. కొవ్వూరుకీ తణుకుకీ మధ్య ఎక్కడో ఒక చిన్న టౌను అనుకోండి. మిగతాది జరిగింది జరిగినట్టే చెబుతాను. చెబుతూ చెబుతూ నన్ను నేను వెనకేసుకొస్తానేమో, నా మీద నాకు నమ్మకం లేదు. అలాంటి చోటు కనిపిస్తే అక్కడ నన్ను నమ్మకండి.

తొంభైల చివరి మాట. నాకప్పుడు ఇరవయ్యారేళ్లు. రోడ్ల పనులు చూసే ఆఫీసులో ఇంజినీరుగా చేరి ఏడాది కాలేదు. ఆ టౌనులో మూడు రోడ్లు కలిసే కూడలి ఒకటుంది. పెద్ద రోడ్డు, బజారు రోడ్డు, కాలవగట్టు రోడ్డు. చెరకు ట్రాక్టర్లూ బస్సులూ ఒకదానికొకటి ఎదురుపడి, ఎవరు ముందు కదలాలో తెలియక గంటలకొద్దీ ఆగిపోయేవి. అందుకని కూడలిని వెడల్పు చేసి మధ్యలో మూడు మూలల దిమ్మ ఒకటి కట్టాలని నిర్ణయించారు. చుట్టూ రాతి అంచు, లోపల మట్టి, పైన గడ్డి. కాగితాల మీద దాని పేరు ట్రాఫిక్ ఐలాండ్. ఊళ్లో అందరూ దిమ్మ అనే అనేవారు.

డి.ఇ. గారు, అంటే నా పై అధికారి, పని మొదలుపెట్టిన రోజు అందరి ముందూ నా భుజం తట్టి, "ఈ జంక్షన్ నీకొదిలేస్తున్నానయ్యా" అన్నారు. ఆ మాటకి ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

దిమ్మ కట్టడం పెద్ద విద్యేమీ కాదు. దాని నీటి సంగతి చూడడమే విద్య. అప్పటిదాకా రోడ్డు మీదుగా పారిపోయే వాననీటికి జానెడెత్తు దిమ్మ లేపితే అడ్డుగోడ కట్టినట్టే. ఆ ఊళ్లో బజారు వైపు నీళ్లన్నీ కూడలిని అడ్డంగా దాటి, అవతలున్న మురుగుకాలవలో పడేవి. కాబట్టి దిమ్మ కింద నుంచి రెండు సిమెంటు గొట్టాలు వెయ్యాలి. బజారు వైపు నీళ్లు దిగే గుంట ఒకటి, కాలవ వైపు ఒకటి, మధ్యలో గొట్టాలు. బజారు వైపు కొస ఎత్తులో ఉండాలి, కాలవ వైపు కొస పల్లంలో ఉండాలి. అంతే. ఇందులో అర్థం కానిది ఏముంది?

బజారు మూలన, పాత టార్పాలిన్ కింద, నలుగురైదుగురు ఆడవాళ్లు చేపలమ్మేవారు. వాళ్లలో పెద్దది నూకరత్నం. యాభై దగ్గర్లో ఉంటుంది. గట్టి గొంతు. ఆమె పక్కన ఎప్పుడూ మంగ. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే వీధిలో పెరిగారట. ఒక గిరాకీ కోసం ఇద్దరూ అరుచుకునేవారు. ఆ వెంటనే ఒకే పొట్లంలోంచి బజ్జీలు తినేవారు. ఆ కూడలి వెనకే వాళ్ల ఇళ్లు. మట్టిగోడలు, తాటాకు కప్పులు. బజారు కన్నా రెండు మెట్లు కింద ఉంటుంది ఆ వీధి.

నేను సున్నంతో దిమ్మకి గుర్తులు వేయిస్తున్న రోజు నూకరత్నం లేచి వచ్చింది.

"ఏంటి బాబూ ఈ ముగ్గు?"

"ఇక్కడ దిమ్మ వస్తుందమ్మా."

"మరి మా నీరో?"

గొట్టాలు వేస్తామని చెప్పాను. ఆమెకి నమ్మకం కుదిరినట్టు లేదు. చేపలు కడిగిన బేసిన్ తెచ్చి, నా సున్నపు గీత మీదే ఒంపేసింది. నీళ్లు గీతని చెరుపుకుంటూ, కూడలికి అడ్డంగా, తిన్నగా కాలవ వైపు పారాయి. "చూసేరా? నీరు పల్లమెరుగు అంటారు. మీరెక్కడ గీతలు గీసినా దాని దారి దానిదే. ఆ దారి మూసెయ్యకండి బాబూ, ఎనకాల మా కొంపలున్నాయి" అంది. కూలీలు నవ్వారు. నేనూ నవ్వాను. చెరిగిన చోట మళ్లీ సున్నం పోయించాను.

రోహిణి ఎండలు. వానలు దిగేలోపు పని పూర్తవ్వాలి. గొట్టాలు పరిచే రోజు ఎత్తుపల్లాలు కొలిచింది నేనే. మూడు కాళ్ల స్టాండు మీద పరికరం పెట్టి, దూరంగా కొలబద్ద నిలబెట్టించి, అందులోంచి చూసి అంకెలు రాసుకుంటాం. బజారు వైపు కొస కొలిచాక, చెరకు లోడు లారీ ఒకటి వచ్చి హారన్ మోగించింది. స్టాండుని పక్కకి జరిపించాను. జరిపితే మొదటి గుర్తు మీద కొలబద్ద పెట్టించి మళ్లీ చూసుకోవాలి. కాలేజీలో మొదటి నెలలోనే నేర్పే పాఠం అది. నేను చూడలేదు. కళ్లు మండుతున్నాయి. ఆకలేస్తోంది. అంతకు ముందు రాసుకున్న అంకెనే పట్టుకుని, రెండో కొస లెక్క కట్టేశాను. గొట్టాలు పరిచారు, మట్టి పోశారు, అంచురాళ్లు పాతారు.

ఇంతవరకూ అది పొరపాటే. ఇక్కడితో ఆగితే ఈ కాగితం రాసే అవసరం ఉండేది కాదు.

వారం తరవాత ఒక మధ్యాహ్నం కూలీలు అన్నాలకి వెళ్లినప్పుడు నేనొక్కణ్నే అక్కడున్నాను. ఎందుకో అనుమానమొచ్చింది. అంకెలు మళ్లీ చూస్తుంటే ఒకటి పొసగలేదు. పని కోసం తెచ్చిపెట్టిన నీళ్ల టాంకులోంచి బకెట్టు నిండా ముంచుకెళ్లి, బజారు వైపు గుంటలో గొట్టంలోకి పోశాను. అవతలికి పరిగెత్తాను. చుక్క రాలేదు. మట్టి పీల్చేసిందేమో అనుకుని ఇంకో నాలుగు బకెట్లు పోశాను. రాలేదు. అప్పుడు ఒక బకెట్టు కాలవ వైపు నుంచి పోశాను. పోసి, గుంట పక్కనే నిలబడ్డాను. అవతలికి వెళ్లి చూడాలంటే భయమేసింది. వెళ్లాను. నీళ్లు బజారు వైపు గుంటలోకి తీరిగ్గా వచ్చి చేరుతున్నాయి.

గొట్టాలు ఎదురువాలుగా వేశాను. కాలవ వైపు కొస నాలుగంగుళాలు ఎత్తులో ఉంది. ఇంక వాన పడితే బజారు నీళ్లు కాలవకి పోవు. అది సరికదా, కాలవ నిండితే ఆ నీళ్లే గొట్టాల్లోంచి బజారులోకి వస్తాయి.

ఒక వరస అంచురాళ్లు పెకలించి, తవ్వి, గొట్టాలు సరిచేసి మళ్లీ మూస్తే నాలుగు రోజుల పని. నాలుగు రోజుల సిగ్గు. అంతకు మించి ఏమీ లేదు. ఉద్యోగం పోయేది కాదు. డి.ఇ. గారు తిట్టేవారు. కూలీలు చాటున నవ్వుకునేవారు. ఆ బేసిన్ నీళ్లావిడ, "నేను చెప్పలేదా" అనేది. దేనికి భయపడ్డాను? ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాను. కూలీల ముందు నవ్విన నవ్వు నాకే తిరిగి వస్తుందనా? ఈ జంక్షన్ నీకొదిలేస్తున్నాను అన్న మాట వెనక్కి తీసుకుంటారనా? ఏ జవాబు చెప్పుకున్నా అది చేసిన పనికి సరిపోయేంత పెద్దదిగా కనిపించదు. చాలా చిన్న కారణానికే చేశాను. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

రెండు గుంటల మీదా సిమెంటు మూతలు లాగి పెట్టేశాను. ఒక్కణ్నే. మూతలు బరువుగా ఉన్నాయి, వేలు నలిగింది. వానలు పెద్దగా పడకపోవచ్చు అనుకున్నాను. వచ్చే ఏడు మరమ్మతుల్లో చూసుకోవచ్చు అనుకున్నాను. కూలీలు తిరిగొచ్చేసరికి చెట్టు కింద కూర్చుని పేపరు చదువుతున్నాను. చదువుతున్నట్టు నటిస్తున్నాను అనాలి.

దిమ్మ మీద గడ్డి పరిచారు. ఎవరో పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించారు. ఫొటోలో డి.ఇ. గారి పక్కన నేనున్నాను.

వాన ఆషాఢంలో వచ్చింది. అల్పపీడనం. మూడు రోజులు ఎడతెరిపి లేదు. మొదటి రోజు సాయంత్రానికే బజారు మూల మోకాలి లోతు మునిగింది. రెండో రోజు ఇంకా లోతెక్కింది. నీళ్లు కింది వీధిలోకి దిగాయి. గొడుగేసుకుని దిమ్మ మీద నిలబడి చూశాను. ఇటు బజారు వైపు నీళ్లు నిండుగా నిలిచి ఉన్నాయి, అటు కాలవ వైపు దర్జాగా పారుతున్నాయి, మధ్యలో నా దిమ్మ పచ్చగా ఉంది. అప్పుడైనా నోరు విప్పి, రాళ్లు పీకండి, గండి కొట్టండి అని అరిచి ఉంటే నలుగురు మనుషులు గంటలో చేసేవారు. అరవలేదు. గండి కొడితే ఎందుకు కొట్టాల్సి వచ్చిందని అడుగుతారు కదా. ఆ ఒక్క ప్రశ్న కోసం నిలబడి చూస్తూ ఉండిపోయాను.

మూడో రోజు పొద్దున్న మంగ ఇంట్లో పడమటి గోడ కూలింది. రెండు రోజులు నానిన మట్టిగోడ. ఆమె బియ్యం డబ్బా అటక మీద పెట్టబోతోందట. తుంటి విరిగింది. తలుపు రెక్క మీద పడుకోబెట్టి, నడుం లోతు నీళ్లలో నలుగురు మోసుకొచ్చి, రాజమండ్రి తీసుకెళ్లారు. దిమ్మ పక్క నుంచే తీసుకెళ్లారు. ఆ తలుపు రెక్కని ఒక పక్క పట్టుకున్నది నూకరత్నం. వెనకాల మంగ కూతురు దుర్గ. చీర కుచ్చెళ్లు నీళ్లలో తేలుతుంటే ఏడుస్తూ నడిచింది.

ఆ మధ్యాహ్నమే డి.ఇ. గారు వచ్చారు. నీళ్లలోనే మూత తీయించి, పారతో లోపలిది తోడించారు. బజారు వైపు గుంట నిండా చేపల పొలుసులు, పేగులు, గడ్డీగాదం. ఉండక ఏమవుతుంది? పారని నీళ్లలో అన్నీ అక్కడే చేరతాయి.

"ఇదేంటయ్యా?" అన్నారు.

"చేపల పొలుసులు సార్. గొట్టాలు మూసుకుపోయాయి."

ఈ రెండు ముక్కలే నేనన్నది. దీనికే ఇదంతా. ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఎవరో లోపల ముందే రాసిపెట్టినట్టు వచ్చేసింది. చూడబోతే అబద్ధం కూడా కాదు. పొలుసులున్నాయి కదా, గొట్టం నోట్లో ఉన్నాయి కదా. అలా చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కళ్ల ముందున్న నిజమొకటి తీసి లోపలున్న నిజానికి కప్పితే, దాన్ని అబద్ధం అనక ఏమనాలి?

వెదురుతో గొట్టాల నోళ్లు శుభ్రం చేయించారు. నీళ్లు కదలలేదు. అప్పటికే మోటారు తెప్పించారు, తోడి కాలవలో పోశారు. మోటారు చప్పుడులో గొట్టాల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పొలుసుల వల్లేనని నేను రిపోర్టు రాశాను. పదిహేను రోజులకి మునిసిపాలిటీ వాళ్లు టార్పాలిన్ పీకేసి, చేపలవాళ్లని కాలవ అవతలికి, జనం అంతగా తిరగని చోటికి పంపేశారు.

వాళ్లని పంపేసిన మర్నాడు నూకరత్నం నా దగ్గరకొచ్చింది. అప్పుడు నేను దిమ్మ పక్కన ఒక్కణ్నే ఉన్నాను. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిట్టడానికి రాలేదు. ఎదురుగా నిలబడి, కొంగు భుజం మీదికి లాక్కుని, మెల్లగా అడిగింది.

"బాబుగారూ, మీరు చదువుకున్నోరు. ఊళ్లో అందరూ ఏదో ఒకటి అంటన్నారు. మీరు చెప్తే నమ్ముతాను. నిజంగా మా పొలుసుల వల్లేనా?"

ఆమె కళ్లలోకి చూశాను. చూడకుండా చెప్పానని అనలేను.

"అవునమ్మా."

"ముప్పయ్యేళ్ల నుంచి అక్కడే కడుగుతున్నాం. ఎప్పుడూ నిలవలేదే?"

"అప్పుడు రోడ్డు మీద పారేవి. ఇప్పుడు గొట్టాలు కదా. గొట్టాలకి పొలుసులు పడవు."

ఆమె దిమ్మకేసి చూసింది. తరవాత, "అక్కడ ఎక్కువ కడిగేది నేనే బాబూ. మంగ బద్ధకస్తురాలు, దాని చేపలు కూడా నేనే కడిగేదాన్ని" అంది.  వెళ్లిపోయింది. నమ్మేసింది. నన్ను అనుమానించి, అరిచి, మన్ను తీసి మొహాన కొట్టి ఉంటే ఎంత బాగుండేదో. ఆమె నమ్మింది. నేను వేసిన గొట్టాల తప్పుని తన నెత్తిన పెట్టుకుని, గతుకుల రోడ్డు మీద కాలవ అవతలికి నడిచి వెళ్లింది.

రెండు నెలల్లో బదిలీ పెట్టించుకున్నాను. అందరూ ఇంటికి దగ్గరగా రావాలని బదిలీ అడుగుతారు. నేను ఆ ఊరికి దూరంగా వెళ్లాలని అడిగాను. మొదట సామర్లకోట వైపు, తరవాత ఇంకెక్కడెక్కడో. మంగ నడిచిందా లేదా అని ఎవరినీ అడగలేదు. తెలుసుకోకుండా ఉంటే జరగనట్టే అనిపించేది.

ఎక్కడ పనిచేసినా నాకో పేరొచ్చింది. లెవెల్స్ ఈయన చూస్తే తిరుగుండదు, ఒకటికి మూడుసార్లు కొలుస్తాడు, గొట్టం మూసేముందు బకెట్టుతో నీళ్లు పోసి చూస్తాడు అనేవారు. కొత్తగా వచ్చినవాళ్లని నా దగ్గర నేర్చుకోమని పంపేవారు. వాళ్లు నన్ను పొగుడుతుంటే తల వంచుకునేవాణ్ని. అది వినయం అనుకునేవారు.

అద్దె ఇళ్లలో మేడ మీద గదుల్లో ఒక్కణ్నే ఉన్నాను. సంబంధాలు వచ్చాయి, ఏదో వంక చెప్పి దాటేశాను. ఒకే ఇంట్లో ఉండే మనిషికి ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సి వస్తుంది. చెప్పకపోతే ఆ మనిషి పక్కన కూడా ఒంటరిగానే ఉంటాను. రెండూ వద్దనుకున్నాను. స్నేహితులు కూడా ఒక హద్దు దాకానే. వాన పడుతుంటే ఆఫీసులో అందరూ మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని కబుర్లు చెప్పుకునేవారు. నేను ఏదో పనుందని లేచి వెళ్లిపోయేవాణ్ని. ఎక్కడికీ వెళ్లేవాణ్ని కాదు. ఊళ్లో ఎక్కడెక్కడ నీళ్లు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూసుకుంటూ తిరిగేవాణ్ని.

తొమ్మిదేళ్లు గడిచాయి. ఆ కూడలిని మళ్లీ వెడల్పు చేస్తున్నారని, దిమ్మ తీసేస్తున్నారని ఎవరో మాటల్లో అన్నారు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. ఎందుకు వెళ్లానో అప్పుడు తెలియదు. తప్పు తాలూకు ఆనవాలు మాయమవుతుంటే చూసి సంతోషించడానికేనేమో. అలా కూడా అయ్యుండొచ్చు.

పొక్లెయిన్ దిమ్మని సగం తవ్వేసింది. గొట్టాలు బయటపడ్డాయి. పని చూస్తున్నది ఒక యువ ఇంజినీరు. పాతికేళ్లమ్మాయి, తలకి తువ్వాలు చుట్టుకుంది. నేనూ ఈ శాఖవాణ్నే అంటే మర్యాదగా పలకరించింది. గొట్టాలకేసి చూపించి, "చూడండి సార్, ఎదురువాలు పెట్టారు. ఏటా ఇక్కడ మోటారు పెట్టి తోడుతున్నారట. ఊళ్లోవాళ్లేమో చేపల పొలుసులు గట్టిపడిపోయాయి అంటున్నారండి. లోపల చూస్తే ఒండ్రు తప్ప పొలుసన్నదే లేదు" అంది.

నేను వంగి గొట్టం కొసకేసి చూశాను.

"పెట్టినాయనకి తెలిసే ఉంటుంది సార్. నీళ్లు పోసి చూడకుండా ఎవరు మూసేస్తారు?"

తిట్టినట్టు అనలేదా అమ్మాయి. మామూలుగా అంది. ఆ తరవాత పొక్లెయిన్ అతన్ని కేకేసి అటు వెళ్లిపోయింది. తొమ్మిదేళ్లలో నన్ను చూసినవాళ్లెవరూ చూడనిది, నా పేరు కూడా ఎరగని మనిషి ఒక్క మాటలో చూసేసింది.  గొట్టాలని ట్రాక్టరులోకి ఎత్తుతున్నారు. ఇంకో పది నిమిషాల్లో నా తప్పుకి సాక్ష్యమంటూ ఏదీ ఉండదు, నేను తప్ప. బస్టాండు కుడివైపు. నేను ఎడమవైపు నడిచాను. వంతెన దాటి కాలవ అవతలికి.

నూకరత్నం అక్కడే ఉంది. జుట్టు నెరిసింది. కత్తిపీట ముందేసుకుని కొరమేను కోస్తోంది. నన్ను చూసి కళ్లు చిట్లించి, "ఇంజినీరుబాబు గదా?" అంది. ఎలా గుర్తుపట్టిందో. గొంతుక్కూర్చున్నాను.

"ఆ రోజు నీళ్లు నిలిచింది మీ పొలుసుల వల్ల కాదు. గొట్టాలు నేను తప్పుగా వేశాను. వాన రాకముందే అది నాకు తెలుసు."

"ఏంటీ?"

మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది.

"నేనొచ్చి అడిగినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

కోస్తున్న చేపని సగంలో వదిలేసింది. చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. "మంగ పోయి రెండేళ్లయింది బాబూ" అంది. "లేవనే లేదు మళ్లీ. ఏడేళ్లు మంచంలోనే. నా వల్లే వాళ్లమ్మ మంచాన పడిందని దుర్గ నన్ను గడప తొక్కనియ్యలేదు. రోజూ ఓ చేప తీసుకెళ్లి అరుగు మీద పెట్టి వచ్చేదాన్ని. అప్పుడప్పుడు తీసుకునేది, అప్పుడప్పుడు కుక్కలు తినేవి. అది పోయిన రోజు కూడా వీధిలోనే నిలబడ్డాను. లోపలికి పోయి మొహం చూడలేదు. నేను కూడా అనుకున్నాను గదా, నా వల్లే అని."

నేను చేతులు జోడించబోయాను. "అవన్నీ వద్దు" అంది. "మంగ ఉండగా చెప్పలేకపోయావా?"

అంతవరకూ నన్ను మీరు అనేది. అప్పుడే నువ్వు అంది.

జోడించబోయిన చేతులు దించేశాను. 

లేచింది. బుట్ట మీద తడిగుడ్డ కప్పి, పక్కనున్నావిడకి అప్పజెప్పింది. "నాకు చెప్తే ఏమొస్తాది? రా. ఆడ దుర్గకి చెప్పు" అని ముందు నడిచింది. ఆమె వెనకాల నేను. దారి పొడుగునా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నేను వస్తున్నానో పారిపోయానో చూడాలన్న ఆసక్తి కూడా లేనట్టు నడిచింది.

ఆ వీధిలో ఇప్పుడు సగం ఇళ్లకి సిమెంటు గోడలు వచ్చాయి. దుర్గ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. నూకరత్నాన్ని చూడగానే మొహం తిప్పుకుంది. నూకరత్నం అరుగు ఎక్కలేదు. వీధిలోనే ఆగి, నాకు చోటిస్తున్నట్టు పక్కకి జరిగింది.

నేను చెప్పాను. లారీ హారన్ సంగతి చెప్పలేదు, ఎండ సంగతి చెప్పలేదు. తప్పుగా వేశాను, తెలిసీ దాచాను, నేరం మీ వాళ్ల మీద వేశాను, ఇంతే చెప్పాను. చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. దుర్గ చేట కింద పెట్టింది.

"మా అమ్మ ఏడేళ్లు మంచం మీదుంది. తెలుసా మీకు?"

"తెలుసుకోలేదమ్మా. తెలుసుకోకుండా ఉండాలనే వెళ్లిపోయాను."

నన్ను తిడుతుందనుకున్నాను. కొట్టినా నిలబడదామనుకున్నాను. ఆమె నన్ను చూడడం మానేసింది. వీధిలో నిలబడ్డ నూకరత్నాన్ని చూసింది. చాలాసేపు చూసింది. 

"అత్తా, లోపలికి రా."

నూకరత్నం మెట్టెక్కుతూ తూలింది. దుర్గ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ లోపలికి వెళ్లారు. తలుపు మూసుకుంది. లోపల నుంచి ఏడుపు వినిపించింది. ఎవరిదో తెలియలేదు, ఇద్దరిదేనేమో. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు ఎవరి ఇళ్లలోకి వాళ్లు వెళ్లిపోయారు. ఆ వీధిలో నేనొక్కణ్నే మిగిలాను. కాసేపు నిలబడ్డాను. నా కోసం ఎవరూ తలుపు తియ్యరు, తియ్యకూడదు కూడా. బస్టాండుకి నడిచాను.

మర్నాడు ఆఫీసులో అంతా కాగితం మీద రాసి ఇచ్చాను. ఇప్పటి పై అధికారి చదివి, కళ్లజోడు తీసి, "ఇప్పుడెందుకండి ఇవన్నీ? ఆ దిమ్మే లేదు కదా" అని కాగితం మడిచి నా చేతిలోనే పెట్టారు. మంచివాడే. నన్ను కాపాడుతున్నానని అనుకున్నారు. ఏడాదిగా ఆ కాగితం బీరువాలో ఉంది. దాన్నే ఇప్పుడు కొంచెం పెద్దది చేసి మీకు రాస్తున్నాను.

ఇది చదివి నా మీద జాలిపడకండి. క్షమించమని అడిగే చోటు నాకు లేదు. ఆ మాట వినాల్సిన మనిషి లేదు. ఉన్న ఇద్దరినీ అడగడం వాళ్ల మీద ఇంకో భారం వెయ్యడమే. గొట్టాలు ఎదురువాలుగా వేసింది నేను. తెలిసీ మూత పెట్టింది నేను. పొలుసులన్న మాట నాది.

రాయడం అయింది. వేళ్లు నొప్పెడుతున్నాయి. గదిలో ఎవరూ లేరు. ఊపిరి మాత్రం చాలాకాలానికి లోపలిదాకా వెళ్లి వస్తోంది.